పట్నా నుంచి బ్రైటన్ దాకా: పరదేశంలో మూడుసార్లు ఇల్లు పెట్టిన షేక్ దీన్ మొహమ్మద్

లండన్‌లోని జార్జ్ స్ట్రీట్‌లో 102 నంబర్ భవనం గోడ మీద చిన్న పచ్చ ఫలకం ఒకటి కనిపిస్తుంది. వెస్ట్‌మినిస్టర్ సిటీ కౌన్సిల్ 2005లో పెట్టిన ఫలకం అది. 1810లో అక్కడ హిందుస్తానీ కాఫీ హౌస్ అనే హోటల్ నడిచింది. లండన్‌లో ఒక భారతీయుడు సొంతంగా తెరిచిన మొదటి రెస్టారెంట్ అదే. ఓనర్ పేరు షేక్ దీన్ మొహమ్మద్. 2019 జనవరి 15న గూగుల్ తన మొదటి పేజీలో ఆయన బొమ్మ పెట్టింది. మనలో చాలామంది ఆయన పేరు విన్నది ఆ రోజే.

ఆయన గురించి ఎవరు రాసినా రికార్డులతోనే మొదలుపెడతారు. ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించిన మొదటి భారతీయుడు, ఇంగ్లండ్‌కు షాంపూ అనే మాటను అలవాటు చేసిన మనిషి, ఇద్దరు రాజులకు ఒళ్లు పట్టిన హకీమ్... అన్నీ నిజమే. కానీ ఈ రికార్డుల వెనక ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటి కథ ఎవరూ పెద్దగా చెప్పరు. 25 ఏళ్ల వయసులో, అయినవాళ్లు ఒక్కరు కూడా లేని దేశంలో దిగిన మనిషి పెళ్లి ఎలా చేసుకున్నాడు, పిల్లల్ని ఎలా పెంచాడు, అద్దె ఎక్కడి నుంచి కట్టాడు, చేతిలో పైసా లేకుండా పోయినప్పుడు ఏం చేశాడు? పిల్లాపాపలతో పరదేశం వెళ్లి గదులు వెతుక్కుంటున్న మనవాళ్లకు అందులో పనికొచ్చేది చాలా ఉంది.

దీన్ మొహమ్మద్ 1759లో పట్నాలో పుట్టారు. తండ్రి ఈస్ట్ ఇండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో సుబేదార్. దీన్ మొహమ్మద్‌కు పదేళ్లు నిండే సరికే ఆ తండ్రి పోరాటంలో చనిపోయారు. అన్న సైన్యంలో చేరిపోయాడు. చిన్నవాడు అమ్మ దగ్గర మిగిలాడు. పట్నాలో కంపెనీ దొరల విందులు, గుర్రాలు, ఎర్రకోట్లు చూసి ఆ పిల్లాడి కళ్లు చెదిరాయి. 1769లో గాడ్‌ఫ్రే ఎవాన్ బేకర్ అనే ఐరిష్ కుర్ర ఆఫీసర్ పట్నా వచ్చాడు. పిల్లాడు అతన్ని పట్టుకుని ఇక వదల్లేదు. తల్లి వెతుక్కుంటూ వచ్చి ఇంటికి రమ్మని బతిమాలింది. రానన్నాడు. పదకొండేళ్ల పిల్లాడు అమ్మను కాదని దొర వెంట వెళ్లిపోవడం చదువుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఆయన మాత్రం ఆ సంగతి దాచలేదు. తర్వాత తన పుస్తకంలో తానే రాసుకున్నారు.

ఆ తర్వాత పదిహేనేళ్లు బేకర్ పటాలం ఎక్కడికి వెళితే అక్కడికి. మొదట వెంట తిరిగే కుర్రాడు, తర్వాత సైన్యం వెంట నడిచే బజారు చూసుకునే అధికారి, ఆ తర్వాత జమాదార్, చివరికి తండ్రిలాగే సుబేదార్. 1780ల మొదట్లో బేకర్‌కు చిక్కు వచ్చింది. గ్రామస్థుల దగ్గర డబ్బు గుంజాడన్న ఆరోపణ మీద అతన్ని వెనక్కి పిలిచారు. అతను రాజీనామా చేసి సొంత ఊరికి ప్రయాణం కట్టాడు. దీన్ మొహమ్మద్ కూడా ఉద్యోగం వదిలేసి అతనితో పాటే బయల్దేరారు. 1784 జనవరిలో కలకత్తాలో ఓడ ఎక్కితే ఇంగ్లండ్ తీరం చేరే సరికి సెప్టెంబర్ అయింది. అక్కడి నుంచి ఐర్లండ్‌లోని కార్క్ రేవుకు వెళ్లారు.

కార్క్ అప్పట్లో పెద్ద రేవు. వెన్న, ఉప్పు వేసిన గొడ్డు మాంసం ఓడలకెక్కి దేశదేశాలకు పోయేవి. బేకర్ కుటుంబం ఆ ఊళ్లో పేరున్న కుటుంబం. వాళ్ల నీడలో దీన్ మొహమ్మద్‌కు తిండికీ గుడ్డకీ లోటు లేదు. ఇంగ్లీషు బాగుపడాలని బడికి కూడా వెళ్లారు. యుద్ధాలు చూసిన పాతికేళ్ల మాజీ సుబేదార్, ముక్కుపచ్చలారని పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నారు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది ఇక్కడే. భాష రాకపోతే ఇల్లు అద్దెకు కూడా దొరకదని ఆయనకు ముందే అర్థమైంది.

ఆ రోజుల్లోనే జేన్ డాలీ అనే ఐరిష్ అమ్మాయితో పరిచయం అయింది. ఆమెది ప్రొటెస్టెంట్ కుటుంబం. వాళ్లు ఒప్పుకోలేదు. 1786లో ఇద్దరూ ఊరు వదిలి వెళ్లి పెళ్లి చేసుకున్నారు. దానికి చట్టం అడ్డు ఒకటి ఉంది. అప్పటి ఐర్లండ్‌లో ప్రొటెస్టెంట్ అమ్మాయి వేరే మతం వాడిని చేసుకోకూడదు. దీన్ మొహమ్మద్ ఆంగ్లికన్ చర్చిలో చేరారు. చర్చిలో అందరి ముందూ మూడుసార్లు ప్రకటన చేయించే మామూలు పద్ధతి కాకుండా, బిషప్ కచేరీలో బాండు రాసిచ్చి పెళ్లి చేసుకున్నారు.

ఈ మాట చదివి మన పాఠకుల్లో కొందరి మనసు చివుక్కుమంటుందని తెలుసు. కానీ ఇది దాటేసి రాస్తే అది ఆయన జీవితం అవదు. ఆయన లోపల ఏం నమ్మారో తీర్పు చెప్పడం మన పని కాదు, అది అల్లాహ్‌కే తెలుసు. కాగితాల మీద కనిపించేది ఇంతే. పెళ్లి కోసం చర్చి గడప తొక్కారు, చివరికి చర్చి ఆవరణలోనే ఖననం అయ్యారు. ఎనిమిదేళ్ల తర్వాత రాసిన పుస్తకంలో ముస్లింల సున్తీ, నికాహ్, జనాజా ఆచారాలను ఎక్కడా కించపరచకుండా, ఇంటి మనిషి చెప్పినట్టే వివరించారు. ఇంటి పేరు మొహమ్మద్‌ను మాత్రం ఎప్పుడూ వదల్లేదు. పిల్లలకు హెన్రీ, హొరేషియో, ఫ్రెడరిక్, ఆర్థర్ అని అక్కడి పేర్లే పెట్టారు గానీ ప్రతి పేరు చివరా మొహమ్మద్ ఉండేది. పేరు ముందు షేక్ చేర్చుకున్నది తర్వాత, ఇంగ్లండ్ వెళ్లాక. గుంటూరు, నెల్లూరు వైపు మన ఇళ్లలో పాస్‌పోర్టు మీద షేక్ అనేదే ఇంటి పేరుగా పడి, విదేశాల్లో ఇంటిల్లిపాదినీ మిస్టర్ షేక్, మిసెస్ షేక్ అని పిలుస్తుంటారు కదా. ఆ షేకే ఇది. కాకపోతే అక్కడి స్పెల్లింగులో సేక్ అయింది.

పెళ్లి అయిన ఏడాదే, 1786లోనే, బేకర్ చనిపోయాడు. పట్నా నుంచి వెంటబెట్టుకొచ్చిన మనిషి పోయాడు, కొత్త కాపురం మిగిలింది. బేకర్ కుటుంబం మాత్రం ఆయన్ని వదిలేయలేదు. కానీ ఒకరి దయ మీద బతకడం వేరు, సొంతంగా నిలబడడం వేరు. 1794లో ఆయన తన ప్రయాణాల పుస్తకాన్ని రెండు సంపుటాలుగా తెచ్చారు. ఉత్తరాల రూపంలో ఉంటుంది. దాన్ని అచ్చు వేయించిన పద్ధతి చూడండి. ముందుగా పత్రికలో ప్రకటన ఇచ్చి చందాదారుల్ని పోగుచేశారు. పుస్తకం రాకముందే 320 మంది పేర్లు నమోదయ్యాయి. వాళ్లలో ఊరి పెద్దలు, దొరసానులు, చర్చి అధికారులు ఉన్నారు. బీకామ్ చదివినవాడిని కాబట్టి నాకు ఆ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది ఆ చందాదారుల జాబితానే. పరదేశి మనిషికి ఆ ఊళ్లో ఎంత పరపతి ఉందో చెప్పే లెడ్జర్ అది. పుస్తకంలోని బొమ్మలో ఆయన యూరప్ కోటు వేసుకుని ఉంటారు.

ఆ కాపురాన్ని కళ్లారా చూసిన మన మనిషి ఒకరు ఉన్నారు. లక్నోకు చెందిన మీర్జా అబూ తాలిబ్ ఖాన్ 1799లో ఐర్లండ్ వెళ్లారు. కార్క్ దగ్గర బేకర్ తమ్ముడి ఇంటికి వెళ్లినప్పుడు దీన్ మొహమ్మద్‌ను కలిశారు. తిరిగి వచ్చాక ఫార్సీలో రాసుకున్న తన సఫర్‌నామాలో ఆ సంగతి ఎక్కించారు. ఆ అమ్మాయిని తీసుకుని వెళ్లిపోయి పెళ్లి చేసుకున్న విషయం, అందమైన పిల్లలు ఉన్న విషయం, విడిగా సొంత ఇల్లు ఉన్న విషయం అందులో ఉన్నాయి. వేల మైళ్ల దూరంలో ఇద్దరు హిందుస్తానీలు ఎదురుపడితే ఒకరి సంసారం ఎలా ఉందో రెండోవారు గమనించి రాసుకోవడం మనకు కొత్తేమీ కాదు. ఇప్పుడూ జెద్దాలోనో చికాగోలోనో మన ఊరివాళ్లు కలిస్తే మొదట అడిగేది అదే కదా, ఫ్యామిలీ వచ్చిందా, ఇల్లు దొరికిందా అని.

కార్క్‌లో ఇరవై ఏళ్లు దాటాక, 1807 ప్రాంతంలో, కుటుంబంతో లండన్ మారారు. అప్పటికి ఆయన వయసు 48కి దగ్గర. పోర్ట్‌మన్ స్క్వేర్ అనే పేటలో ఇండియాలో డబ్బు సంపాదించి వెనక్కి వచ్చిన కంపెనీ దొరలు ఎక్కువగా ఉండేవాళ్లు. అక్కడ బాసిల్ కోక్రేన్ అనే శ్రీమంతుడు ఆవిరి స్నానాల గది పెట్టాడు. మద్రాసు వైపు నేవీకి సరుకులు సప్లై చేసే కాంట్రాక్టులతో గడించిన మనిషి అతను. దీన్ మొహమ్మద్ అతని దగ్గర పనికి కుదిరారు. మన దగ్గర చంపీ అంటామే, హిందుస్తానీలో చాంప్నా అంటే పిసకడం, ఒత్తడం. ఒళ్లు పట్టే ఆ విద్యకు ఆవిరి తోడైంది. షాంపూ అనే మాట పుట్టింది చాంప్నా నుంచే. తల రుద్దుకునే సీసా అర్థం చాలా కాలం తర్వాత వచ్చింది.

1810లో ఆయన సొంత వ్యాపారంలోకి దిగారు. జార్జ్ స్ట్రీట్ 34లో, అప్పటి నంబర్ అది, హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచారు. వెదురు కుర్చీలు, గోడలకు ఇండియా బొమ్మలు, విడిగా హుక్కా గది, హుక్కాలోకి అసలైన చిలుం పొగాకు. వంటకాలు మన మసాలాలతో. లండన్‌లో కూర అమ్మడం ఆయనతో మొదలు కాలేదు, 1773లోనే హేమార్కెట్ దగ్గర ఒక కాఫీ హౌస్‌లో కూర దొరికేది. కానీ హోటల్ మొత్తాన్ని హిందుస్తాన్ వాతావరణంతో నింపింది, దాన్ని హిందుస్తాన్ మనిషే నడిపింది ఇక్కడే.

రెండేళ్లు కూడా నిలవలేదు. 1812లో దివాలా తీశారు. ఎందుకు? రుచి బాగోలేదని ఎవరూ అనలేదు. లెక్క తప్పింది. ఆయన ఎవరిని కస్టమర్లు అనుకున్నారో ఆ కంపెనీ దొరల ఇళ్లలో అప్పటికే హిందుస్తానీ వంటవాళ్లు ఉన్నారు. ఇంట్లో దొరికే దానికి బయటికి వచ్చి డబ్బు ఎందుకు ఇస్తారు? ఇండియా వ్యాపారం చేసే వర్తకులు కూర్చునే కాఫీ హౌస్‌లు నగరం రెండో వైపు ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఖరీదైన పేటలో అద్దె, డెకరేషన్ ఖర్చు, సిబ్బంది జీతాలు. సరుకు మంచిదైతే చాలు అనుకుని షాపు తెరిచే మనవాళ్లు ఈ ఒక్క చోట ఆగి చదవాలి. హోటల్ అక్కడితో మూతపడలేదు, వేరేవాళ్ల చేతికి వెళ్లి ఇంకొన్నేళ్లు నడిచింది. అంటే ఐడియా తప్పు కాదు. దాన్ని నిలబెట్టుకునేంత కాలం చేతిలో డబ్బు నిలవలేదు.

అప్పుడు ఆయనకు 53 ఏళ్లు. ఇంటి నిండా పిల్లలు. చేతిలో ఏమీ లేదు. తిరిగి పట్నా వెళ్దామంటే ఓడ టికెట్టుకూ డబ్బు కావాలి, అక్కడ ఎదురుచూసేవాళ్లు ఎవరున్నారు? 1813లో ఆయన లండన్ పత్రికలో ఒక ప్రకటన ఇచ్చారు. ఎవరైనా పెద్దింట్లో బట్లర్‌గా గానీ, ఒంటరి దొరకు సొంత నౌకరుగా గానీ పని కావాలని, లండన్ అయినా పల్లె అయినా అభ్యంతరం లేదని ఆ ప్రకటన సారాంశం. సైన్యంలో సుబేదార్, రెండు సంపుటాల రచయిత, హోటల్ ఓనర్... మళ్లీ ఒకరింట్లో నౌకరీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ప్రకటన ఇచ్చిన రోజు ఇంట్లో జేన్‌తో ఏం మాట్లాడి ఉంటారో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

మరుసటి ఏడాది భార్యాభర్తలిద్దరూ సముద్రం ఒడ్డున బ్రైటన్ ఊరికి వెళ్లారు. అక్కడ డెవన్‌షైర్ ప్లేస్‌లోని ఒక స్నానశాలలో పనికి కుదిరారు. ఈసారి కొత్త మసాలా ఏమీ అమ్మలేదు, చేతిలో ఉన్న విద్యనే అమ్మారు. మూలికలు వేసిన ఆవిరి, ఫ్లానెల్ గుడ్డతో కట్టిన గుడారం లాంటి ఏర్పాటు, లోపల రోగి. బయట నుంచి గుడ్డ చేతుల్లోకి చేతులు దూర్చి ఒళ్లు పట్టేవారు. కీళ్లనొప్పులతో, పక్షవాతంతో వచ్చినవాళ్లకు హాయిగా అనిపించింది. నయమైందని నమ్మినవాళ్లు తమ చంకకర్రలు అక్కడే వదిలి వెళ్లేవారు. ఆయన వాటిని గోడకు వేలాడదీసేవారు. ఫేస్‌బుక్ రివ్యూలు లేని కాలంలో అంతకంటే మంచి రివ్యూ ఏముంటుంది?

1821లో సముద్రం ఎదురుగా కింగ్స్ రోడ్ మీద పెద్ద భవనంలో మొహమ్మద్స్ బాత్స్ మొదలైంది. ఆడవాళ్ల విభాగం మొత్తం జేన్ చేతుల్లో నడిచింది. ఈ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. ఆ కాలపు దొరసానులు ఒంటి మీద చెయ్యి వేయనివ్వాలంటే అక్కడ నమ్మకమైన ఆడమనిషి ఉండాలి. ఆమె లేకపోతే వ్యాపారంలో సగం లేదు. 1786లో కుటుంబాన్ని కాదని వచ్చిన అమ్మాయి 1821 నాటికి ఆ సంస్థకు రెండో స్తంభం అయింది. 1822లో ఆయన షాంపూ చికిత్స మీద పుస్తకం వేశారు. నాలుగో జార్జ్ రాజు, ఆ తర్వాత నాలుగో విలియం రాజు ఆయన్ని తమ షాంపూ సర్జన్‌గా నియమించుకున్నారు. బ్రైటన్‌లోని రాజభవనంలో స్నానాల ఏర్పాట్లు ఆయన పర్యవేక్షణలోకి వచ్చాయి. ఈ కాలపు బొమ్మల్లో ఒకదాంట్లో యూరప్ కోటు లేదు, దర్బారుకు వెళ్లే హిందుస్తానీ దుస్తులు ఉన్నాయి. కార్క్‌లో ఇమిడిపోవడానికి వాళ్ల కోటు వేసుకున్న మనిషి, బ్రైటన్‌లో బతుకుతెరువు కోసం మన దుస్తులు వేసుకున్నారు.

ఇక్కడే ఆయన తన పుట్టిన సంవత్సరాన్ని పదేళ్లు వెనక్కి జరిపారు. 1749లో పుట్టానని, సైన్యానికి ముందు వైద్యం నేర్చుకున్నానని చెప్పుకున్నారు. లెక్క కుదరాలంటే ఆ పదేళ్లు కావాలి మరి. ఇది అబద్ధమే, దాన్ని తేలిక చేయక్కర్లేదు. ఆయన మంచి పనివాడు, పెద్ద అమ్మకందారు కూడా. డిగ్రీ లేని పరదేశి చేతికి రాజు ఒళ్లు అప్పగించాలంటే ఏదో ఒక కాగితం అడుగుతారు. ఆయన దగ్గర కాగితం లేదు.

కింగ్స్ రోడ్ భవనం కూడా ఆయన సొంతం కాలేదు. పెట్టుబడి పెట్టిన భాగస్వామి థామస్ బ్రౌన్. మేం పుస్తకాల్లో చదువుకునే స్లీపింగ్ పార్ట్‌నర్ లాంటివాడు. పేరు మొహమ్మద్‌ది, గుడ్‌విల్ మొహమ్మద్‌ది, గోడలు మాత్రం ఇంకొకరివి. 1840ల మొదట్లో బ్రౌన్ పోయాక ఆస్తి అమ్మకానికి వచ్చింది. కొనే శక్తి మొహమ్మద్ కుటుంబానికి లేదు. అప్పటికి ఊరు కూడా మారిపోయింది. విక్టోరియా రాణికి బ్రైటన్ నచ్చలేదు. 1841లో లండన్ నుంచి రైలు వచ్చాక మామూలు జనం రావడం మొదలై, పెద్దింటివాళ్లు వేరే ఊళ్లు చూసుకున్నారు. ఎనభై దాటిన దీన్ మొహమ్మద్ చిన్న వీధిలోని చిన్న ఇంటికి మారి అక్కడా కొంతకాలం చికిత్స సాగించారు. కార్క్‌లో బేకర్ కుటుంబం, లండన్‌లో కోక్రేన్, బ్రైటన్‌లో బ్రౌన్. మూడు చోట్లా ఇల్లు నిలబెట్టింది ఆయనే, మూడు చోట్లా ఆసరా ఇంకొకరిది.

పిల్లల్లో హొరేషియో లండన్‌లో స్నానశాల నడిపారు. ఫ్రెడరిక్ బ్రైటన్‌లో కత్తిసాము, కసరత్తు నేర్పే శాల పెట్టారు. ఆ ఫ్రెడరిక్ కొడుకు పేరు ఫ్రెడరిక్ అక్బర్ మొహమ్మద్. 1849లో పుట్టిన ఈ మనవడు లండన్ గైస్ హాస్పిటల్‌లో డాక్టర్ అయ్యారు. నాడి ఒత్తిడిని కొలిచే పరికరాన్ని మెరుగుపరిచారు. కిడ్నీ జబ్బు లేని మనిషికి కూడా రక్తపోటు ఎక్కువగా ఉండొచ్చని తేల్చి చెప్పిన తొలి తరం డాక్టర్లలో ఆయన ఒకరు. మనం ఇవాళ ఇంటింటా బీపీ అని పిలిచే జబ్బు గురించే. టైఫాయిడ్‌తో 1884లో, 35 ఏళ్లకే చనిపోయారు. తాతకు లేని డిగ్రీ మనవడికి వచ్చింది. మొహమ్మద్ అన్న ఇంటి పేరుతో పాటు అక్బర్ అన్న పేరు కూడా ఆ ఇంట్లో మూడో తరం దాకా చేరింది.

1850 డిసెంబర్‌లో జేన్ చనిపోయారు. 64 ఏళ్ల కాపురం. రెండు నెలలు గడిచాయో లేదో, 1851 ఫిబ్రవరి 24న దీన్ మొహమ్మద్ కూడా బ్రైటన్‌లోనే వెళ్లిపోయారు. సెయింట్ నికోలస్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. అసలు లెక్క ప్రకారం ఆయన వయసు 91 లేదా 92. సమాధి రాయి మీద మాత్రం 101 అని చెక్కి ఉంది.